అణు గిడ్డంగి ముసలిదైతే దిక్కెవరు?

2017 మే 9న అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం, హ్యాన్‌ఫర్డ్ అణు కేంద్రంలో ఒక మట్టిదిబ్బ ఉన్నట్టుండి కుంగి గుంత పడింది. ఆ మట్టి కింద ఉన్నది 1950లలో కట్టిన రైలు సొరంగం. పక్కనున్న ప్లుటోనియం కర్మాగారంలో పాడైపోయిన యంత్రాలకు మనిషి దగ్గరికి పోలేనంత రేడియోధార్మికత పట్టి ఉండేది. వాటిని వ్యాగన్ల మీదికి ఎక్కించి సొరంగంలోకి తోసేవారు. ఎనిమిది వ్యాగన్లతో అది నిండిపోయింది. 1960లలో తలుపు మూసేశారు. పైకప్పుకు వాడినవి కుళ్లకుండా మందు పట్టించిన కలప దూలాలు, వాటి మీద ఎనిమిది అడుగుల మట్టి. అర్ధ శతాబ్దం పాటు పైనుంచి మట్టి బరువు, లోపలి నుంచి గామా కిరణాలు ఆ దూలాలను తినేశాయి. కలప బలం తగ్గిపోతోందని నివేదికలు ఎన్నో ఏళ్ల ముందే చెప్పాయి. చివరికి ఇరవై అడుగుల మేర కప్పు కూలింది. వేలాది మంది ఉద్యోగులను తలుపులు మూసుకుని ఎక్కడివాళ్లు అక్కడే ఉండమన్నారు. రేడియోధార్మికత బయటికి పొక్కలేదని పరీక్షల్లో తేలింది. కొన్ని నెలల్లో సొరంగాన్ని సిమెంటు గ్రౌటుతో నింపేశారు. అణుశాస్త్రానికి అంతుచిక్కని రహస్యమేదీ ఈ ఘటనలో లేదు. కలప పాతబడింది, పట్టించుకోవాల్సిన సమయంలో ఎవరూ పట్టించుకోలేదు, అంతే.

అణు వ్యర్థాల మాట ఎత్తగానే మన చర్చ వేల ఏళ్ల లెక్కల్లోకి వెళ్లిపోతుంది. ప్లుటోనియం-239 సగానికి తగ్గడానికే 24 వేల ఏళ్లు పడుతుందని వ్యతిరేకించేవాళ్లు భయపెడతారు. ఏదో ఒక రోజు భూగర్భంలో లోతైన శాశ్వత నిక్షేప స్థలం వస్తుంది, అక్కడితో కథ ముగుస్తుందని సమర్థించేవాళ్లు భరోసా ఇస్తారు. ఇద్దరూ కలిసి మన చూపును దూరానికి తిప్పేస్తారు. దగ్గర్లో ఉన్నది గిడ్డంగి: దాని కాంక్రీటు, ఉక్కు, వెల్డింగ్ అతుకులు, వాల్వులు, పంపులు, కేబుళ్లు. వీటి ఆయుష్షు 30 ఏళ్లు, 40 ఏళ్లు, బాగా చూసుకుంటే ఇంకొంచెం. తొలి శతాబ్దాల్లో వేడికీ ధార్మికతకూ ప్రధాన కారణమయ్యే సీజియం-137, స్ట్రాన్షియం-90ల అర్ధాయువు దాదాపు 30 ఏళ్లు. అవి వెయ్యో వంతుకు తగ్గాలంటే పది అర్ధాయువులు గడవాలి, అంటే సుమారు 300 ఏళ్లు. ప్లుటోనియం సంగతి అటుంచినా, ఈ మూడు శతాబ్దాలలోనే గిడ్డంగిని కనీసం ఐదారుసార్లు మార్చడమో, మళ్లీ కట్టుకోవడమో చేయాలి. ఎవరు మారుస్తారు? ఎప్పుడు? ఏ డబ్బుతో? లోపలి సరుకును ఎలా బయటికి తీస్తారు? ఈ ప్రశ్నలకు కాగితం మీద జవాబు లేకుండా ఏ అణు కేంద్రానికీ అనుమతి ఇవ్వకూడదు. 2047 నాటికి లక్ష మెగావాట్ల అణు విద్యుత్తు సాధిస్తామని ప్రకటించుకున్న మన దేశం ఈ పనిని మొదట్లోనే చేసుకోవాలి.

వస్తువు పాతబడడం అందరికీ తెలిసిన సంగతే. అణు గిడ్డంగిలో అది కొన్నిసార్లు మన అంచనాకు ఎదురు నడుస్తుంది. రియాక్టర్ నుంచి తీసిన ఇంధనాన్ని కొన్నేళ్లు నీటి కొలనులో చల్లారనిస్తారు. తర్వాత అమెరికాలో ఎక్కువ చోట్ల దాన్ని స్టెయిన్‌లెస్ స్టీలు క్యానిస్టర్‌లో పెట్టి, మూతను వెల్డింగ్ చేసి, చుట్టూ మందపాటి కాంక్రీటు తొడుగు వేసి ఆరుబయట ఉంచుతారు. క్యానిస్టర్ గోడ మందం అర అంగుళం, లేదా ఆపైన కొంచెం. కాంక్రీటుకు కిందా పైనా కంతలుంటాయి. చల్లగాలి కింద దూరి, వేడెక్కి పైనుంచి పోతుంది. పంపులు, మోటార్లు, కరెంటు ఏవీ అక్కర్లేదు. ముచ్చటైన ఏర్పాటే. కానీ సముద్రం పక్కనున్న చోట ఆ గాలితోపాటే ఉప్పు కూడా లోపలికి వెళ్లి క్యానిస్టర్ మీద పేరుకుంటుంది. తొలి దశాబ్దాల్లో లోహం వేడిగా ఉంటుంది కాబట్టి ఉప్పు పొడిగానే ఉండి ఊరుకుంటుంది. ఏళ్లు గడిచి ఇంధనం చల్లబడ్డాక ఆ ఉప్పు గాలిలోని తేమను పీల్చుకుని చెమ్మగిల్లుతుంది. వెల్డింగ్ అతుకుల దగ్గర లోహంలో మిగిలిపోయిన బిగువుకు ఈ క్లోరైడు తడి తోడైతే వెంట్రుకలాంటి పగుళ్లు పుట్టే అవకాశం ఉంది. ఇంధనం వేడి తగ్గింది, ఇక ఫర్వాలేదని మనం నిశ్చింతగా ఉండే కాలమే డబ్బాకు గడ్డుకాలం అవుతుంది. అందుకే అమెరికా అణు నియంత్రణ కమిషన్ తొలి లైసెన్సు గడువు ముగిశాక పొడిగింపు అడిగే సంస్థను వార్ధక్య నిర్వహణ ప్రణాళిక చూపించమంటోంది. ఏ భాగం ఎలా పాతబడుతుంది, ఎన్నేళ్లకోసారి చూస్తారు, పగులు కనబడితే ఏం చేస్తారు అన్నది అందులో ఉండాలి. కాంక్రీటుకూ క్యానిస్టర్‌కూ మధ్యనున్న సందులోకి కెమెరా బిగించిన చిన్న రోబోలను పంపి చూస్తున్నారు.

ఇంత జాగ్రత్త ఇప్పుడు పడుతున్నారంటే ఒకప్పుడు పడకపోవడం వల్ల ఏమైందో చూశారు కనుకనే. సొరంగం కూలిన ఆ హ్యాన్‌ఫర్డ్‌లోనే, కొలంబియా నదికి కొన్ని మైళ్ల దూరంలో, భూమిలో 177 ట్యాంకులున్నాయి. వాటిలో దాదాపు 21 కోట్ల లీటర్ల వ్యర్థాలు పేరుకున్నాయి. అణుబాంబుల కోసం ప్లుటోనియం తీసినప్పుడు మిగిలినవి అవి. 149 ట్యాంకులకు ఒకటే ఉక్కు పొర. 1943కూ 1964కూ మధ్య కట్టారు, రెండు మూడు దశాబ్దాలు నిలిస్తే చాలనుకున్నారు. ఆలోపు ఇంకెవరో మంచి మార్గం కనిపెడతారని ధీమా. మార్గం దొరికేలోపే ట్యాంకులు కారడం మొదలుపెట్టాయి. 67 ట్యాంకులు కారి ఉంటాయని అధికారులే లెక్క తేల్చారు. నేలలోకి ఇంకింది 38 లక్షల లీటర్ల పైమాటే. ఒక పొర చాలలేదని తర్వాత రెండు పొరలతో 28 ట్యాంకులు కట్టారు. 2012లో వాటిలో ఒకటి కూడా లోపలి పొర చిల్లుపడి రెండు పొరల మధ్యలోకి కారుతున్నట్టు బయటపడింది. దాన్ని ఖాళీ చేయడానికి 2017 దాకా పట్టింది. వ్యర్థాలను గాజుగా మార్చే కర్మాగారం నిర్మాణం 2002లో మొదలైతే, తక్కువ ధార్మికత ఉన్న భాగాన్ని గాజుగా మార్చడం 2025లో గానీ మొదలుకాలేదు. ఇరవై ఏళ్లకని కట్టిన ట్యాంకులు ఎనభై ఏళ్లుగా సేవ చేస్తున్నాయి.

బ్రిటన్‌లోని సెల్లాఫీల్డ్ అణు కేంద్రానిది ఇంకో పాఠం. అక్కడ ఇంధన కడ్డీల మీది మెగ్నీషియం తొడుగులను చెక్కేసి, ఆ చెత్తను నీళ్లు నింపిన కాంక్రీటు అరల్లో పోసేవారు. 1960లలో కట్టిన ఆ సైలోను తర్వాత ఎలా ఖాళీ చేయాలన్నది కట్టినవాళ్లు ఆలోచించలేదు. తడిలో ఆ లోహం క్షయమై హైడ్రోజన్ వదులుతుంది కాబట్టి లోపలికి ఏ యంత్రం దించాలన్నా నిప్పురవ్వ పుట్టకుండా చూడాలి. 1970లలో ఒకసారి కారిన ఆ కట్టడం మళ్లీ 2018 నుంచి కారుతోందని, రోజుకు సుమారు 2,100 లీటర్ల నీరు నేలలోకి పోతోందని బ్రిటన్ పార్లమెంటు ప్రజాపద్దుల కమిటీ 2025లో చెప్పింది. దానివల్ల ప్రజలకు తక్షణ ముప్పు లేదని నియంత్రణ సంస్థ అంటోంది. నిజమే కావచ్చు. అయితే ఆ చిల్లును పూడ్చే దారి ఎవరి దగ్గరా లేదు. సరుకంతా బయటికి తీస్తే తప్ప కారడం ఆగదు, అది ఈ శతాబ్దం మధ్య దాటాక గానీ పూర్తికాదు. సెల్లాఫీల్డ్ మొత్తాన్ని శుభ్రం చేయడానికి 13,600 కోట్ల పౌండ్లు అవుతుందని, పని 2125 దాకా సాగుతుందని అక్కడి జాతీయ ఆడిట్ కార్యాలయం 2024లో లెక్క చెప్పింది. మన డబ్బులో అది 14 లక్షల కోట్ల రూపాయల పైచిలుకు.

జర్మనీవాళ్లు భూమి లోపల దాచినా తప్పించుకోలేకపోయారు. ఆస్సే అనే పాత ఉప్పు గనిలో 1967 నుంచి 1978 దాకా దాదాపు 1,26,000 పీపాల వ్యర్థాలు దించారు. మొదట్లో వరుసగా పేర్చారు. తర్వాత్తర్వాత లోడరు యంత్రంతో ఉప్పు దిబ్బ మీంచి కిందికి దొర్లించి పైన ఉప్పు కప్పేశారు. మళ్లీ తీయాల్సిన అవసరం వస్తుందని ఊహించి ఉంటే ఎవరూ అలా దొర్లించరు. 1988 నుంచి ఆ గనిలోకి రోజుకు సుమారు 12 ఘనపు మీటర్ల ఉప్పునీరు ఊరుతోంది. 2013లో పార్లమెంటు చట్టం చేసి వ్యర్థాలన్నిటినీ బయటికి తీయాలని నిర్ణయించింది. మొదటి పీపా 2033లో బయటికి వస్తుందన్నది ప్రణాళిక. హ్యాన్‌ఫర్డ్, సెల్లాఫీల్డ్, ఆస్సే మూడూ సాంకేతిక శక్తికి కొదవలేని దేశాల్లో ఉన్నవే. మూడు చోట్లా వ్యర్థాలను లోపల పెట్టడానికే పథకం ఉంది. కట్టడం ముసలిదయ్యాక ఏం చేయాలన్నదానికి మాత్రం లేదు.

కొన్నాళ్లకని పెట్టింది ఉండిపోవడానికి సాంకేతిక కారణాల కంటే రాజకీయ కారణాలే ఎక్కువ. వాడిన ఇంధనాన్ని 1998 జనవరి 31 నుంచి తామే తీసుకుంటామని అమెరికా ప్రభుత్వం 1982 చట్టం కింద విద్యుత్ సంస్థలకు మాటిచ్చింది. శాశ్వత నిక్షేపానికి నెవాడాలోని యక్కా పర్వతాన్ని ఎంపిక చేసింది. స్థానికుల వ్యతిరేకత, పార్టీల పంతాల మధ్య ఆ పథకం 2010లో ఆగిపోయింది. 90 వేల టన్నులకు పైగా ఇంధనం ఎక్కడిదక్కడే ఉంది. మాట తప్పినందుకు ప్రభుత్వం ఆ సంస్థలకు 1,000 కోట్ల డాలర్లకు మించి పరిహారం కట్టుకుంది. మన దగ్గరా ఇదే జరిగింది. తారాపూర్ తొలి రెండు రియాక్టర్లు 1969లో మొదలయ్యాయి. అమెరికా ఇచ్చిన ఇంధనాన్ని పునఃశుద్ధి చేసుకునే విషయంలో రెండు దేశాలకూ పొత్తు కుదరకపోవడంతో అది దశాబ్దాల తరబడి నీటి కొలనుల్లోనే ఉండిపోయింది. దానికోసం అదనపు కొలను కట్టుకోవలసి వచ్చింది. కూడంకుళంలో రియాక్టర్‌కు వెలుపల వేరే నిల్వ కేంద్రం కట్టాలని సుప్రీంకోర్టు 2013 తీర్పు తర్వాత గడువు పెడితే, ఆ గడువును పొడిగించుకోవలసి వచ్చింది. దాని మీద 2019లో జరగాల్సిన ప్రజాభిప్రాయ సేకరణ నిరసనల మధ్య వాయిదా పడింది. 2012లో అణు వ్యర్థాలు ఉంచే చోటుగా కోలార్ బంగారు గనుల పేరు వినబడగానే అక్కడి జనం వీధుల్లోకి వచ్చారు. అణుశక్తి శాఖ అలాంటి ఆలోచనే లేదని వివరణ ఇచ్చుకుంది. శాశ్వత నిక్షేపానికి చోటు దొరకడం ఇంత కష్టమని తెలిశాక, నాలుగేళ్లకో ఐదేళ్లకో అని కట్టే ప్రతి గిడ్డంగినీ వందేళ్లు నిలవాల్సిందిగానే చూడాలి.

అలా చూసి కట్టిన దేశం ఉంది. నెదర్లాండ్స్‌లో వ్లిసింగెన్ దగ్గర కోవ్రా అనే ప్రభుత్వ సంస్థకు అధిక ధార్మికత గల వ్యర్థాల గిడ్డంగి ఉంది. 2003లో ప్రారంభమైంది. శాశ్వత స్థలం ఇప్పట్లో రాదని ముందే ఒప్పుకుని, కనీసం వందేళ్లు నేల మీదే ఉంచాలని నిర్ణయించి కట్టారు. భవనానికి ముదురు నారింజ రంగు వేశారు. ఇరవై ఏళ్లకోసారి అంతకంటే లేత రంగు వేస్తూ పోతారు. లోపలి వ్యర్థాల వేడి తగ్గేకొద్దీ రంగు కూడా తగ్గుతూ, వందేళ్లకు భవనం తెల్లబడుతుంది. చూడ్డానికి ఒక చిత్రకారుడి సరదాలా ఉంటుంది గానీ, ఇరవై ఏళ్లకోసారి అక్కడ పని ఉందని తర్వాతి తరానికి గుర్తుచేసే ఏర్పాటు అది. అంతకంటే ముఖ్యమైనవి లోపల ఉన్నాయి. ఏదైనా అరలో తేడా వస్తే సరుకును మార్చడానికి వీలుగా ఖాళీ చోటు వదిలారు. వ్యర్థాలు అప్పగించే సంస్థలు నిల్వకూ తుది నిక్షేపానికీ అయ్యే ఖర్చు ముందే కట్టాలి. ఆ సొమ్ము వేరే నిధిలో పెరుగుతుంది. మార్చడానికి చోటు, తీయడానికి వీలు, ఖర్చుకు సొమ్ము, గుర్తుచేయడానికి పద్ధతి. వార్ధక్య నిర్వహణ అంటే ఇంతే. ఇందులో మనకు చేతకానిది ఒక్కటీ లేదు.

మనకు ఈ గొడవ వర్తించదని మన అణు అధికారులు చెప్పే వాదన ఒకటుంది. భారతదేశం ఇంధనాన్ని వాడి పారేయదు, పునఃశుద్ధి చేస్తుంది, చివరికి మిగిలే అధిక ధార్మిక వ్యర్థాలు కొంచెమే, వాటినీ గాజుగా మార్చి తారాపూర్‌లో గాలితో చల్లబడే కట్టడంలో పెడుతున్నాం అంటారు. ఇందులో నిజముంది. ట్రాంబే, తారాపూర్, కల్పాక్కంలలో మనవాళ్లు సంపాదించిన ఆ నైపుణ్యం చాలా దేశాలకు లేదు. అయితే పునఃశుద్ధి వల్ల గిడ్డంగి అవసరం తీరదు, దాని రూపం మారుతుంది. గట్టి ఇంధన కడ్డీ ఆమ్లంలో కరిగి ద్రవమవుతుంది, గాజుగా మారేదాకా అది ట్యాంకుల్లో ఉండాలి. ట్యాంకులు, గొట్టాలు, వాల్వులే అన్నిటికంటే ముందు పాతబడేవి. 2003 జనవరి 21న కల్పాక్కం పునఃశుద్ధి కేంద్రంలోని వ్యర్థాల ట్యాంకుల ఆవరణలో ఏం జరిగిందో చూడండి. తక్కువ ధార్మికత ఉన్న ద్రవం నమూనా తీసుకురమ్మని ఉద్యోగులను పంపారు. ఒక వాల్వు పాడై అధిక ధార్మిక ద్రవం అక్కడికి వచ్చి చేరిన సంగతి వాళ్లకు తెలియదు. ఆ చోట ధార్మికతను పసిగట్టే పరికరం లేదు, వాల్వు చెడినట్టు చెప్పే ఏర్పాటూ లేదు. ఆరుగురు ధార్మికతకు గురయ్యారు. తెచ్చిన నమూనాను పరీక్షించాక గానీ విషయం బయటపడలేదు. కేంద్రానికి అప్పటికి ఐదేళ్ల వయసే. ఐదేళ్ల వాల్వును కనిపెట్టుకోలేని చోట యాభై ఏళ్ల ట్యాంకును ఎవరు కనిపెట్టుకుంటారు?

ఇన్నేళ్లుగా గిడ్డంగుల వల్ల జనం చచ్చిపోలేదు కదా, బొగ్గు పొగతో పోయే ప్రాణాలతో పోలిస్తే ఇదెంత అన్నది రెండో వాదన. పొడి నిల్వ విషయంలో ఈ మాటకు బలముంది. అమెరికాలోని ఇడాహోలో 1985లో ఇంధనం నింపిన ఒక పోత ఇనుప క్యాస్కును దాదాపు 15 ఏళ్ల తర్వాత తెరిస్తే లోపలి ఇంధనం చెక్కుచెదరలేదు. ఫుకుషిమాలో సునామీ ముంచెత్తినా అక్కడి పొడి క్యాస్కులు నిలబడ్డాయి. ఆ నమ్మకం కూడా తెరిచి చూడబట్టే వచ్చింది. చూడడం మానేసిన చోట ఏమవుతుందో సోవియట్ యూనియన్‌లోని మయాక్ అణు కేంద్రం చెబుతుంది. 1957 సెప్టెంబర్ 29న అక్కడ ద్రవ వ్యర్థాల ట్యాంకుకు చల్లదనమిచ్చే ఏర్పాటు చెడింది, ఎవరూ బాగుచేయలేదు. నీరు ఆవిరైపోయి అడుగున మిగిలిన లవణాలు పేలిపోయాయి. దాదాపు పదివేల మందిని ఊళ్లు ఖాళీ చేయించాల్సి వచ్చింది. అది రియాక్టర్ కాదు, ఉత్త నిల్వ ట్యాంకు. అణు విద్యుత్తుకు గిడ్డంగులు అడ్డు కాదని నేనూ ఒప్పుకుంటాను. బాగా చూసుకుంటేనే అడ్డు కావు, ఆ చూసుకోవడానికి బాధ్యులెవరో ముందు తేలాలి.

ఖర్చు సంగతి చాలామందిని వెనక్కి లాగుతుంది. వందేళ్ల పర్యవేక్షణ భారమంతా నేటి కరెంటు బిల్లు మీద వేస్తే అణు విద్యుత్తు సౌర విద్యుత్తు ముందు నిలవలేదంటారు. కరెంటు వాడుకునేది మనం. దాని చెత్త మోసే ఖర్చు మన మనవల మీద తోసి, ఆ తర్వాత చవకగా ఉందని చెప్పుకోవడం మోసపు లెక్క. రియాక్టర్ల మూసివేత కోసం మన దేశంలో యూనిట్‌కు 2 పైసల చొప్పున వసూలు చేసే పద్ధతి 1990ల నుంచి ఉంది. ముప్పై ఏళ్లు నడిచిన కేంద్రాలకు కూడా మూసివేత ప్రణాళికలు లేవని కాగ్ 2012లో తప్పుపట్టింది. వసూలు చేస్తే సరిపోదు, దాన్ని పనికి కట్టేయాలి. వ్యర్థాల కోసం అమెరికా విద్యుత్ వినియోగదారుల నుంచి దశాబ్దాల పాటు రుసుము తీసుకుని 4,000 కోట్ల డాలర్లకు పైగా కూడబెట్టింది. నిక్షేప స్థలం లేకుండా రుసుము తీసుకోవడం కుదరదని కోర్టు చెప్పడంతో 2014లో వసూలు ఆగింది. డబ్బుంది, దాంతో చేయాల్సిన పనే లేదు. నిధితోపాటు పనుల క్యాలెండరు కూడా చట్టంలో ఉండాలన్నది అందులోని నీతి.

రక్షణ రహస్యాల పేరుతో వచ్చే అభ్యంతరం ఇంకోటి. గిడ్డంగుల వివరాలు బయటపెడితే ఉగ్రవాదులకు చేరతాయంటారు. ఆయుధాలకు పనికొచ్చే పదార్థం ఎంతుందో, ఏ గదిలో ఉందో ఎవరూ అడగడం లేదు. ఫలానా ట్యాంకు ఎప్పుడు కట్టారు, ఎన్నేళ్లకని కట్టారు, ఆఖరుసారి ఎప్పుడు తనిఖీ చేశారు, ఏం కనబడింది అన్న వివరాలు చెబితే శత్రువుకు దక్కేదేమీ లేదు. హ్యాన్‌ఫర్డ్‌లో బాంబుల తయారీ వ్యర్థాలకే ఆ లెక్కలు పౌరులకు అందుబాటులో ఉన్నాయి. మన దగ్గర 2000 సంవత్సరంలో భాభా అణు పరిశోధన కేంద్రం విభాగాలను అణుశక్తి నియంత్రణ మండలి పరిధి నుంచి తప్పించి, ఆ కేంద్రంలోని అంతర్గత భద్రతా మండలికి అప్పగించారు. పునఃశుద్ధి, వ్యర్థాల ట్యాంకులు ఆ గొడుగు కిందికే వెళ్లాయి. నడిపేవాడే తన పనికి మార్కులు వేసుకునే పద్ధతి అది. 2025 డిసెంబర్‌లో పార్లమెంటు ఆమోదించిన శాంతి చట్టం నియంత్రణ మండలికి చట్టబద్ధత ఇచ్చింది, ప్రైవేటు సంస్థలకు అణు విద్యుత్తులో తలుపులు తెరిచింది, పునఃశుద్ధిని, అధిక ధార్మిక వ్యర్థాలను కేంద్రం చేతిలోనే ఉంచింది. కరెంటు అమ్ముకునేది ఒకరు, చెత్త మోసేది ప్రభుత్వం అయినప్పుడు ఆ గిడ్డంగుల మీద బయటివాళ్ల తనిఖీ మరింత గట్టిగా ఉండాలి.

ఇదంతా మనకు దూరపు సంగతి అనుకోవడానికి లేదు. 2024 ఆగస్టులో తుంగభద్ర డ్యాం 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయినప్పుడు, డెబ్బై ఏళ్ల కట్టడం ఏ రాత్రి ఏం చేస్తుందో చూశాం. నీరు ఉరకలేస్తుండగానే మనుషులు దగ్గరికెళ్లి స్టాప్‌లాగ్ గేట్లు దించి ఆపగలిగారు. ధార్మికత నిండిన ట్యాంకు దగ్గరికి అలా మనిషిని పంపలేం. శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలం కొవ్వాడలో ఒక్కొక్కటి 1,208 మెగావాట్ల రియాక్టర్లు ఆరు కట్టాలన్నది పథకం. ఆ పరిమాణంలోని రియాక్టర్ ఏడాదికి సుమారు 20 నుంచి 25 టన్నుల ఇంధనం వాడి బయటికి తీస్తుంది. ఆరు రియాక్టర్లు 60 ఏళ్లు నడిస్తే 7 వేల టన్నులు దాటుతుంది. అమెరికాతో ఉన్న అణు ఒప్పందం ప్రకారం దాన్ని పునఃశుద్ధి చేయాలంటే అంతర్జాతీయ తనిఖీలుండే ప్రత్యేక కేంద్రం కట్టుకోవాలి. అది వచ్చేదాకా ఇంధనం ఆ ఒడ్డునే ఉంటుంది. ఉప్పుగాలి, హుద్‌హుద్, తిత్లీ లాంటి తుఫాన్లు వచ్చే ఒడ్డు అది. కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం శుద్ధి చేశాక మిగిలే బురదను దాచే టెయిలింగ్ పాండ్ అడుగున సరైన పొర వేశారా లేదా అని 2018లో కాలుష్య నియంత్రణ మండలికీ, గని నడిపే సంస్థకూ మధ్య వివాదం నోటీసుల దాకా వెళ్లింది. బోరునీళ్లు పాడయ్యాయని రైతులు అంటే, తమ తప్పేమీ లేదని సంస్థ వాదించింది. ఆ బురదలో మిగిలే థోరియం-230 అర్ధాయువు 75 వేల ఏళ్లు. చెరువు నిండకముందే అడుగు పొర మీద తగాదా వచ్చింది.

కాబట్టి కొవ్వాడలో మొదటి కాంక్రీటు పోయకముందే ప్రభుత్వం ఒక పత్రం ప్రజల ముందు పెట్టాలి. వాడిన ఇంధనం ఆ ఒడ్డున ఎన్నేళ్లుంటుందని అంచనా, ఉండే క్యానిస్టర్లు ఏ లోహంతో చేస్తారు, ఉప్పుగాలి ప్రభావాన్ని ఎన్నేళ్లకోసారి ఎవరు పరీక్షిస్తారు, ఒకటి చెడితే మార్చడానికి ఖాళీ చోటు ఎక్కడ, దానికయ్యే సొమ్ము ఏ ఖాతాలో, ఎవరి సంతకం లేకుండా అది కదలదు అన్నవి అందులో ఉండాలి. పదేళ్లకోసారి తనిఖీ నివేదికను తెలుగులో ప్రచురించి, జిల్లాలో బహిరంగంగా చర్చించాలి. ఆ చర్చలో చెప్పినదాని మీద ఆధారపడి నియంత్రణ మండలి లైసెన్సును కొనసాగించాలో ఆపాలో తేల్చాలి. ఇదే షరతు తారాపూర్, కల్పాక్కం, ట్రాంబేలలోని పాత ట్యాంకులకూ, తుమ్మలపల్లె చెరువుకూ వర్తించాలి. ఈ పత్రం రాయగలిగితే అణు విద్యుత్తు మీద సగం భయాలు వాటంతటవే తగ్గుతాయి. రాయలేమంటే మాత్రం, ఆ వ్యర్థాలను ఉంచుకునే అర్హత మనకింకా రాలేదని ఒప్పుకుని అక్కడ రియాక్టర్ల మాట ఆపేయాలి.